మాండలికానికీ మడి కడతారా?

జోసెఫ్ రైట్ యార్క్‌షైర్ ఉన్నిమిల్లులో పసితనాననే కూలికి చేరినవాడు. పదిహేనో ఏటిదాకా చదవటం, రాయటం ఎరగనివాడు. ఆ కూలివాడే ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యుడై, 1898-1905 మధ్య ఆరు సంపుటాల ఆంగ్ల మాండలిక నిఘంటువును వెలువరించాడు. శ్రామికుని నోటిమాట శాస్త్రానికి తగిన వస్తువేనని ఇంతకంటె వేరే నిరూపించాలా?

ఆయన శిష్యుడు హెరాల్డ్ ఆర్టన్, జూరిచ్ పండితుడు యూజెన్ డీట్‌తో కలిసి, లీడ్స్ విశ్వవిద్యాలయం నుంచి ఇంగ్లండు మాండలికాల సర్వే తలపెట్టాడు. 1950 నుంచి 1961 దాకా పరిశోధకులు 313 చోట్ల, 1,300కు పైబడిన ప్రశ్నలతో తిరిగారు. వారి పద్ధతి మెచ్చదగినది. మాట తాము అందించరు; వస్తువును చూపో, వర్ణించో దాన్ని ఏమంటారని అడుగుతారు. పశువుల కొట్టం ఒకచోట బైర్, ఒకచోట షిప్పన్, మరొకచోట మిస్టల్. విన్నది విన్నట్టు ధ్వనిలిపిలో రాశారు. కొందరి మాటలను టేపుమీద కూడా పట్టారు.

అయితే ఎవరి నోటిమాట ఇది? అధికభాగం అరవై దాటిన, పుట్టినూరు వదలని పల్లెటూరి మగవారిది. స్త్రీలు తక్కువ, నగరాలు వేళ్ళమీద లెక్కించదగినన్నే. ఇంగ్లండు జనంలో అత్యధికులు అప్పటికే పట్టణవాసులు. మిల్లు వాకిట, ఓడరేవులో పుట్టిన పలుకుబడికి ఈ సర్వేలో చోటు స్వల్పం. మాసిపోతున్న పాతరూపాలను ముందు దక్కించుకోవాలన్న తొందర అర్థం చేసుకోదగినదే. కాని వలసతో, కలయికతో మారిన మాట మాండలికమే కాదన్నట్టు తోచే ధోరణి ప్రమాదకరం. శుద్ధ గ్రాంథికవాదానికీ శుద్ధ మాండలికవాదానికీ మూలం ఒకటే: ప్రజలు మారుతారన్న సత్యాన్ని ఒప్పుకోలేకపోవటం.

ఈ లోపాన్ని తరువాతివారు గుర్తించారు. పీటర్ ట్రడ్గిల్ 1974లో ప్రచురించిన నార్విచ్ నగర పరిశీలన ఉచ్చారణకూ వర్గానికీ గల ముడిని చూపింది. మన భద్రిరాజు కృష్ణమూర్తి ఊరితో ఆగక వృత్తిని పట్టుకున్నాడు: సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశంలో 1962 సంపుటం వ్యవసాయానిది, 1971 సంపుటం చేనేతది. మాటను శ్రమనుంచి విడదీయని చూపు ఇది.

కనుక ఆర్టన్ సంపుటాలను గౌరవంతోనే చదవాలి. అందులో వినపడని గొంతులను కూడా అడగాలి. విద్యార్థి యాసను తప్పని దిద్దబోయే ఉపాధ్యాయుడు ముందుగా ఎర్రసిరా పక్కనపెట్టి, ఆ మాట ఏ పనిలోంచి, ఏ ఇంటిలోంచి వచ్చిందో విననీ!