కుళ్లిన ముక్కే కొలబద్ద

పాత కారును మళ్లీ నిలబెట్టే షెడ్డులో అన్నిటికన్నా విలువైన సరుకు తరచూ ఒక గోనెసంచిలో ఉంటుంది. బూజు పట్టిన గుడ్డ పేలికలు, ముట్టుకుంటే పొడిగా రాలే అట్ట, లోపల బోలుపడిన కర్ర, పగిలిన ప్లాస్టిక్ బొడిపె. చూసినవాళ్లు చెత్త అనుకుంటారు. పని తెలిసినవాడు మాత్రం ఆ సంచి మూతి కట్టి, పైన తేదీ రాసి, బండి రోడ్డెక్కేదాకా భద్రంగా దాస్తాడు. బజారులో దొరకని లోపలి భాగాలను కొత్తగా తయారుచేసే విద్య ఆ సంచి దగ్గరే మొదలవుతుంది.

ఫోక్స్‌వాగన్ బీటిల్ సంగతే చూడండి. ఆ కార్లు 2 కోట్ల 15 లక్షలకు పైగా తయారయ్యాయి. అందుకే వాటి ఇంజను సామాను ఇప్పటికీ కొత్తది కొనుక్కోవచ్చు. టాపు మడిచే రకాన్ని మాత్రం జర్మనీలోని ఓస్నాబ్రుక్‌లో కార్మన్ సంస్థ 1949 నుంచి 1980 దాకా కట్టింది. అవి మొత్తం 3,31,847. పైకి రెండూ అన్నదమ్ముల్లా ఉన్నా లోపల పోలిక తక్కువ. టాపు మడిచేదానిలో వెనక పక్క అద్దాలు కూడా కిందికి దిగుతాయి, కాబట్టి అక్కడి ప్యానెళ్లు వేరు. తలుపులకు పై చట్రం లేదు, కాబట్టి రబ్బర్లు వేరు. ఇక టాపు సంగతి చెప్పనే అక్కర్లేదు.

విల్‌హెల్మ్ కార్మన్ 1901లో కొన్నది గుర్రబ్బగ్గీలు కట్టే కార్ఖానా. ఆ బగ్గీ చేతిపని వాసన బీటిల్ టాపులో చివరిదాకా పోలేదు. మన రిక్షా టాపుకీ దీనికీ సూత్రం ఒక్కటే, కమ్ముల మీద గుడ్డ. అయితే రిక్షా టాపుది ఒకటే పొర. దీనికి పైన క్యాన్వాసో వినైలో, నడుమ మందపాటి మెత్త, లోపల సీలింగు గుడ్డ. వెనక కిటికీకి అసలైన గాజు. మడిస్తే ఇదంతా వెనక సీటు వెనక పెద్ద పరుపుచుట్టలా కూర్చుంటుంది. లోపలున్న మనిషికి చలీ హోరూ తెలియకుండా ఉండటం కోసమే ఇంత మందం.

ఈ పొరలన్నిటినీ పట్టి ఉంచేది కర్ర. ముందు అద్దం మీద ఒక కమ్మి, వెనక సీటు చుట్టూ వంపు తిరిగిన మరొకటి. గుడ్డను మేకులతో కొట్టేది వీటికే. నీళ్లు దిగి ముందుగా కుళ్లేవీ ఇవే. వంపు కర్ర కావాలంటే పోగు సాఫీగా, ముళ్లు లేకుండా ఉన్న యాష్ లాంటి చెక్కను ఎంచి ఆవిరి పెట్టెలో పెడతారు. అంగుళం మందానికి గంట ఆవిరి అని వడ్రంగుల లెక్క. బయటికి తీశాక నిమిషం కూడా ఆలస్యం చేయకుండా అచ్చుకు బిగించాలి. అదీ కావలసిన దానికన్నా కొంచెం ఎక్కువ వంచి, ఎందుకంటే వదలగానే కర్ర కాస్త వెనక్కి వస్తుంది. ఆ అచ్చు దేన్ని చూసి చేస్తారు? సంచిలో ఉన్న పుచ్చుకర్రను చూసే. దాని మీద పాత మేకుల రంధ్రాలు గుడ్డ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో వరసగా చెబుతాయి.

సీట్ల గుడ్డ దగ్గరికి వస్తే పని ఇంకా సున్నితం. పాత కవరును కత్తిరించకూడదు, కుట్లు ఒక్కొక్కటే విప్పాలి. విప్పేముందు ప్రతి ముక్కకూ పేరు రాసి, నడిమి గీత గీసి, పక్క ముక్కతో కలిసేచోట అడ్డంగా గుర్తులు పెట్టాలి. తర్వాత చదును చేసి దళసరి కాగితం మీద గీస్తారు. తొందరపడేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. తోలు ఏళ్ల తరబడి ఎండకు ముడుచుకుని ఉంటుంది, మనుషులు కూర్చున్నచోట గుడ్డ సాగి ఉంటుంది. ఉన్నదున్నట్టు గీస్తే ఆ ముసలితనాన్నే కొత్త గుడ్డలో కుట్టినట్టవుతుంది. అందుకని కాగితాన్ని సీటు చట్రం మీద పరిచి సరిచూడాలి, కుడి ఎడమల్లో బాగా మిగిలిన సగాన్ని తిరగేసి రెండో సగానికి వాడాలి. అంగుళానికి ఎన్ని కుట్లు, దారం ఎంత లావు, పైపింగ్ లోపల తాడు ఎంత మందం అన్నవి సూది రంధ్రాలను లెక్కపెడితే తెలుస్తాయి. సరిపోయేలా ఏదో ఒకటి కుట్టేస్తే చాలదా అనేవాళ్లతో నేను ఏకీభవించలేను. కుట్టు దూరం మారితే సీటు ముఖమే మారిపోతుంది.

సీటు విప్పితే మనకు తెలిసిన సరుకే ఎదురవుతుంది. ఆ కాలపు జర్మన్ కార్ల సీట్లలో స్ప్రింగుల మీద పరిచింది జంతువుల వెంట్రుకలో కొబ్బరి పీచో రబ్బరుపాలతో కలిపి ఒత్తిన పరుపు. ఫోము కన్నా గట్టిగా ఉంటుంది, గాలి ఆడుతుంది. దాని బదులు ఫోము పెడితే కవరు ఎంత బాగా కుట్టినా సీటు ఉబ్బుగా, కొత్త సోఫాలా కనిపిస్తుంది. మనం ప్లాస్టిక్ పూత గుడ్డను దేన్నయినా రెక్సిన్ అంటాం కదా, ఆ మాట వెనక కూడా ఒక కథ ఉంది. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ దగ్గరి హైడ్ పట్టణంలో నైట్రోసెల్యులోజ్ పూతతో తయారైన గుడ్డ పేరది. ఆ బ్రాండు పేరు కాస్తా మన కుషన్ షాపుల్లో వస్తువు పేరుగా స్థిరపడింది.

తలుపు ప్యానెళ్ల లోపల ఉండేది అట్ట. అద్దం పక్కనుంచి కారిన నీటికి అది ఉబ్బి అంచులు విచ్చుకుంటాయి. కొత్తది పలుచని ప్లైవుడ్‌తో కోస్తారు, క్లిప్పుల రంధ్రాలు వెంట్రుకవాసి తప్పకూడదు. 1960ల తర్వాతి చాలా కార్లలో వినైల్ మీది చారలు కుట్టినవి కావు. ఇత్తడి అచ్చు కింద పెట్టి, అధిక పౌనఃపున్య విద్యుత్తుతో వినైల్‌ను లోపలినుంచి వేడెక్కించి అతికించినవి. ఆ అచ్చు లేకుండా ఇస్త్రీపెట్టెతో నొక్కితే ఆ గీత రాదు.

బొడిపెలు, పిడులు పోతపోస్తారు. మిగిలిన ఒక్కదాని మీద సిలికాన్ పోసి అచ్చు తీసి, అందులో రెసిన్ పోసి, బుడగలు పోవడానికి గాలి లాగేస్తారు. పాత ప్లాస్టిక్ కుంచించుకుపోయి ఉంటే ముందు పగుళ్లను పుట్టీతో పూడ్చి అసలు కొలతకు తేవాలి. రంగు కోసం పైవైపు చూడకూడదు, ఎండ తగలని అడుగు చూడాలి. దంతపు రంగు బొడిపె పైన తేనెరంగుకు తిరిగి ఉంటుంది, అడుగున మాత్రం ఫ్యాక్టరీ రోజునాటి రంగే నిలిచి ఉంటుంది.

అన్నిటికన్నా చివర టాపు ఎక్కించడం. ముందు తలుపుల సందులు, అద్దాల అంచులు సరిగ్గా కుదరాలి. అవి వంకరగా ఉంటే ఎంత మంచి గుడ్డయినా ముడతలు పడుతుంది. వెచ్చని గదిలో నడిమి గీత పట్టుకుని, ముందుకూ వెనక్కీ లాగి మేకులు సగం దాకానే దించి, తర్వాత పక్కలకు వెళ్తారు. తృప్తి కలిగేదాకా పీకడం, లాగడం, మళ్లీ కొట్టడం. ఒకప్పటి పనివాళ్లు గుప్పెడు మేకులు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కొక్కటే ముందుకు తెచ్చి అయస్కాంతపు సుత్తి మొనకు అందించేవాళ్లు. రెండో చెయ్యి గుడ్డ బిగువును ఒక్క క్షణం వదలకూడదు కాబట్టే ఆ పద్ధతి. నాకు ఈ విద్యలో అన్నిటికన్నా గౌరవం కలిగించేది ఆ చెయ్యి. ఎంత లాగాలో ఏ పుస్తకమూ చెప్పలేదు.

పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2012లో ట్యూరిన్ చార్టర్ రూపొందించింది. ఉన్నదాన్ని వీలైనంత వరకు కాపాడమనీ, చేసిన పనిని రాసి ఉంచమనీ దాని సారం. శ్రద్ధ గల పనివాళ్లు ఈ మాట ముందునుంచీ పాటిస్తున్నారు. కొత్త కమ్మి మీద గుడ్డ కప్పేముందు పెన్సిలుతో తేదీ, చెక్క పేరు, తమ పేరు రాస్తారు. బండి అప్పగించేటప్పుడు తాళాలతో పాటు ఆ గోనెసంచి కూడా యజమాని చేతికిస్తారు. పెన్సిలు రాత మళ్లీ వెలుగు చూసేది, ఈ గుడ్డ కూడా పాడై ఇంకెవరో కుట్లు విప్పేరోజునే.