గిన్నెల మీది పేర్లు

విమల ‘వంటిల్లు’ కవితను ఎం.ఏ.లో చదువుకున్నప్పుడు మా తరగతి చర్చ అంతా దాని ముగింపు చుట్టూనే తిరిగింది. వంటిళ్లను కూలగొట్టాలనడం సబబేనా, కూలగొడితే తినేదేమిటి... (ఈ రెండో ప్రశ్న ఎప్పుడూ అబ్బాయిలే వేసేవాళ్లు). ఆ గొడవలో ఒక చిన్న వివరం మా చూపు దాటిపోయింది. ఆ కవితలో వంటింటి పెత్తనమంతా అమ్మదే, గిన్నెల మీద పేరు మాత్రం నాన్నది. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో 1993లో వచ్చిన ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ రెండో సంపుటి ద్వారా ఇంగ్లీషు పాఠకులకు కూడా చేరిన కవిత ఇది. దీన్ని నేను నాలుగైదు వ్యాసాల్లో ఉటంకించి ఉంటాను. మా ఇంటి గిన్నెల మీద ఏముందో మాత్రం డాక్టరేటు వచ్చాక గానీ చదవలేదు.

మాది ఎల్లారెడ్డిపేట. ఒకప్పుడు కరీంనగర్ జిల్లా, 2016 నుంచి రాజన్న సిరిసిల్ల జిల్లా. సంక్రాంతికి పెద్ద గంజులు దించడానికి అమ్మ నన్ను అటక ఎక్కించింది. దుమ్ము తుడుస్తూ ఒక్కొక్కటీ చదివాను. ఇత్తడి గంగాళం మీద తాత పేరు. స్టీలు బగోనెల మీద నాన్న పేరు, కొన్నిటి మీద మేనమామ పేరు, పెళ్లికి చదివించిన తేదీతో సహా. అమ్మ పేరు ఒక్కదాని మీదా లేదు. అవన్నీ ముప్పై ఏళ్లుగా తోముతున్నది ఆమె చేతులే కాబట్టి నాన్న పేరులో రెండక్షరాలు అరిగిపోయాయి కూడా. మన సాహిత్య భాషలో గిన్నెనూ, కథలోని మనిషినీ ‘పాత్ర’ అనే అంటాం. స్త్రీ పాత్రల చిత్రణ మీద మనం రాసిన సిద్ధాంత గ్రంథాలకు లెక్క లేదు. ఈ రెండో రకం పాత్రల మీద రాసింది చాలా తక్కువ.

పండుగ వంటకు పనికొచ్చే సామాన్లేమిటని అడిగితే మా అమ్మ చెప్పే జాబితా చిన్నదే. లోతు కడాయి, చిల్లుల గంటె, చాట, జల్లెడ, ఒక పాత పంచె. సకినాలకు ఆ పంచే ముఖ్యం. రాత్రంతా నానిన బియ్యాన్ని వడగట్టి, పిండి పట్టించి, జల్లించి, నువ్వులు, ఓమ, ఉప్పు కలిపి తడుపుతారు. ఆ పిండిని పంచె మీద చుట్లు చుట్లుగా తిప్పుతారు. తడిని బట్ట పీల్చుకున్నాక విరగకుండా తీసి నూనెలో వేస్తారు. మురుకులకు గొట్టం ఉంది. సకినానికి అలాంటిదేమీ లేదు, బొటనవేలూ చూపుడువేలూ మధ్యవేలే. పేరు చెక్కడానికి వీల్లేని పనిముట్టు అది. మా ఊళ్లో ఆ వేళ్లే మిగతా పదకొండు నెలలూ బీడీలు చుడతాయి. బీడీకి వెయ్యికింతని కూలి కడతారు. సకినాలకు ఎవరూ లెక్క కట్టరు.

పిండి దగ్గర నాకూ అమ్మకూ చిన్న వాదన జరిగింది. దంపుడు పాటలు, ఇసుర్రాయి పాటలు మన జానపద సాహిత్యానికి ప్రాణమని చదువుకున్నదాన్ని. ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు 1950ల్లో చేసిన పరిశోధన దగ్గర్నుంచి ఆ పాటల సేకరణకు గొప్ప చరిత్ర ఉంది. గిర్ని వచ్చి ఆ పాటలను మింగేసిందని కాస్త బాధగానే అన్నాను. అమ్మ జల్లెడ ఆపలేదు. “పాట సోకుకు పాడలేదు బిడ్డా. రెక్కల నొప్పి తెల్వకుండ పాడినం. పాట పోతె పోయింది, రెక్కలు మిగిలినయి,” అంది.

ఆ జవాబు విన్నాక పాటల మీద నేను అంతకుముందు రాసిన ఒక పేపరును మళ్లీ తెరవాలనిపించలేదు. రోకలిని సౌందర్యంగా చూడగలిగింది దాన్ని ఎత్తని వాళ్లే. అలాగని యంత్రం వస్తే విముక్తి వచ్చేసిందనీ అనలేం. అమెరికన్ చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో ‘మోర్ వర్క్ ఫర్ మదర్’ అనే పుస్తకంలో ఇంటి యంత్రాలు అక్కడి గృహిణి పనిని తగ్గించలేదని వాదించింది. పొయ్యీ పిండిమరా తప్పించింది ఎక్కువగా మగవాళ్లూ పిల్లలూ చేసే చాకిరీనేననీ, ఆడవాళ్లకు కొత్త పనులు వచ్చి చేరాయనీ అంటుంది. మా దగ్గర దంచడం ఆడవాళ్ల వంతే కాబట్టి గిర్ని దించిన బరువు నిజంగా వాళ్లదే. కానీ కోవన్ మాట రెండో సగం ఇక్కడా నిజమైంది. అమ్మమ్మ రెండు సోలలు దంచి ఇంటివరకు చేసేది. అమ్మ ఇప్పుడు పది కిలోలు పట్టిస్తుంది. దుబాయిలో ఉన్న తమ్ముడికి, అమెరికాలో ఉన్న చెల్లెకు, చెల్లె అత్తగారికి డబ్బాలు కట్టాలి. గిర్ని మిగిల్చిన పొద్దును సకినాలే తినేశాయి.

దసరాకు ముప్పై నలభై మంది జమైనప్పుడు ఇంటి గంజులు చాలవు. కులసంఘం నుంచి పెద్ద గంజులు, తెడ్లు, గంటెలు కిరాయికి తెస్తారు. ఉమ్మడి వంటసామాను అనగానే స్త్రీవాద విమర్శకులకు ఉత్సాహం వస్తుంది, నాకూ వచ్చింది. సంఘం రిజిస్టరు చూశాక తగ్గింది. తెచ్చేది, కడిగి తిరిగి అప్పగించేది ఆడవాళ్లు. రాసేది మాత్రం మగవాళ్ల పేరు, సభ్యులు వాళ్లే కాబట్టి. ఒక ఏడు గంటె ఒకటి పోతే దండుగ నాన్న పేరున రాశారు. కట్టింది అమ్మ, బీడీల పైసలతో. ఇంకొక సంగతి కూడా ఉంది. సంఘం గంజు ఒక కులం గడపల మధ్యే తిరుగుతుంది. పక్క వాడకు పోదు, పక్క వాడ గంజు మా వాడకు రాదు. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో ‘నల్లపొద్దు’ దళిత స్త్రీల రచనలను ఒకచోటికి తెచ్చాక ‘వంటిల్లు’ అనే మాటను అందరికీ ఒకే అర్థంలో వాడే వీలు మనకు లేకుండా పోయింది. ‘ఉమ్మడి గంజు’ అనే మాటను కూడా అంతే జాగ్రత్తగా వాడాలి. గంజు ఎవరిదన్నది ఒక ప్రశ్న అయితే, ఎవరు ముట్టుకోవచ్చన్నది అంతకన్నా పాత ప్రశ్న.

కవిత వైపు మళ్లీ వస్తాను. గిన్నెల మీద తండ్రి పేరును చూసిన విమల చూపు పదునైంది, ఇవాళ్టికీ నిలిచేది. ఆ చూపు చేరని చోటొకటి నాకు అటక మీద దొరికింది. గంటెల కాడలు తిరగేసి చూస్తే కొన్నిటి మీద ఎర్ర రంగు చుక్క, ఒకదానికి మూడు మేకు గాట్లు, ఇంకొకదానికి కాల్చిన మచ్చ. అవేమిటని అడిగాను. వాకిట్లో పది మంది ఆడవాళ్లు కూడి వండుకునేటప్పుడు సామాను కలిసిపోతుంది. చదువు రానివాళ్లు ఎక్కువ, వచ్చినా మగవాళ్ల పేర్లు సగం ఒకేలా ఉంటాయి. అందుకని ఎవరి గుర్తు వాళ్లు పెట్టుకున్నారు. ఎర్ర చుక్క అమ్మది. మూడు గాట్లు చనిపోయిన పెద్దమ్మవి. పెద్దమ్మ గంటె మా ఇంట్లో ఎందుకుందో అమ్మకు కూడా గుర్తులేదు. ఇవ్వడానికి మనిషి లేదని ఉంచుకుంది.

ఇది సంతకమా, కాదా అన్నది నేను తేల్చలేను. దుకాణంలో మిషన్‌తో చెక్కించే పేరు కొన్నవాడిని చెబుతుంది, ఈ చుక్క వాడేదాన్ని చెబుతుంది. తోమితే చుక్క పోతుంది, మళ్లీ పెట్టుకోవాలి. ఆస్తి హక్కుకు ఇది సాక్ష్యంగా నిలవదు, పంచాయితీలో చెల్లదు. అయినా మన సాహిత్య చరిత్రలో స్త్రీల రాతకు ఆధారాలు వెతికేటప్పుడు పుస్తకాల అలమారాతో పాటు ఈ కాడల వైపు కూడా చూడాల్సింది.

ఈసారి సకినాలయ్యాక సామాను సర్దుతుంటే మాది కాని చిల్లుల గంటె ఒకటి తేలింది. కాడ మీద నీలం చుక్క. ఎవరిదో అమ్మ చూడకుండానే చెప్పింది. చీకటి పడకముందే ఇచ్చి రమ్మని పంపింది.