తాళం పట్టినవాడి కాలు

మోకాలు దెబ్బతిని నేను గజ్జెలు విప్పేసిన ఏడాది, మా గురువుగారు నా చేతిలో తాళాలు పెట్టి "ఇంక కూర్చోరా" అన్నారు. కూర్చోవడం అంత కష్టమని అప్పటిదాకా నాకు తెలియదు. ఆడే పిల్ల జతి మధ్యలో అర అక్షరం జారితే చాలు, నా పాదం దానంతటదే నేలమీద పడేది.

ఆ రోజుల్లో నాకు ధైర్యం ఇచ్చినవాడు నాట్యాచార్యుడు కాదు, హైదరాబాదు ఫుట్‌బాల్ మనిషి సయ్యద్ నయీముద్దీన్. 1951, 1962 ఆసియా క్రీడల్లో మనకి స్వర్ణాలు తెచ్చిన కోచ్ రహీమ్‌గారి ఊరివాడు. ఆడింది డిఫెన్స్‌లో. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో ఆయన కెప్టెన్‌గా ఉన్న జట్టు జపాన్‌ని 1-0తో ఓడించి కాంస్యం తెచ్చింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి మళ్లీ పతకం రాలేదు.

మర్నాడు పేపర్లో ఫొటో పడేది గోలు కొట్టినవాడిది. ఆట మొత్తం కళ్లముందు పరుచుకునేది మాత్రం వెనక కాపు కాసేవాడికి. మా భామాకలాపంలో సూత్రధారుడూ అంతే. తాళం వేస్తూ సత్యభామ అడుగునీ, పాటనీ, జనం మొహాలనీ ఒక్కసారే కనిపెట్టి ఉంటాడు. పైగా చెలికత్తె మాధవి తనే అయి సత్యభామతో మాటలు కలుపుతాడు. కోచ్‌కి ఆ వెసులుబాటు లేదు. ఎంత తహతహలాడినా సున్నపు గీత దాటకూడదు.

నయీముద్దీన్ ఆ గీత ఇవతల నిలబడి, 1990లో ఈస్ట్ బెంగాల్‌తో ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడూ గెలిపించాడు. క్రమశిక్షణ విషయంలో చాలా గట్టివాడని పేరు. గురువులకిచ్చే ద్రోణాచార్య ఆయనకి ఆ 1990లోనే వచ్చింది. ఆటగాళ్లకిచ్చే అర్జున? 1997లో! బ్యాంకాక్ పతకం తెచ్చిన 27 ఏళ్లకి. ఆ ఆలస్యం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మొన్న శనివారం మా వీధి పిల్ల దశావతార శబ్దం చేస్తోంది. నరసింహావతారం దగ్గర కాస్త వెనకబడింది. తాళం తగ్గించి దాన్ని ఆదుకుందామని చెయ్యి లాగింది. తగ్గించలేదు. రెండు ఆవర్తాలు కళ్లు పెద్దవి చేసుకుని వెతుక్కుని, మూడోదానికి సమం మీద తనే వచ్చి పడింది.

నా కాలు కదల్లేదు.