గీత నేర్పితే చాలదు, ధర కట్టడమూ నేర్పాలి

శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల గీత ఒక్కసారే పడుతుంది. చెరిపి దిద్దుకునే వీలు లేదు. వెదురు పుల్ల కొన చెక్కి, కాస్త పైన ఉన్ని చుట్టి, దారంతో బిగిస్తే కలం. ఉన్ని రంగు తాగి ఉంటుంది, వేళ్లు ఎంత నొక్కితే అంతే కొనకు దిగుతుంది. చేయి తిరిగినవాళ్లు రాముడి భుజం నుంచి వింటి కొన దాకా గీత తెగకుండా లాగుతుంటే చూసి తీరాలి! అందులోనూ జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారి బొమ్మల్లో కళ్లు వేరు. తండ్రి లక్ష్మయ్య గారి దగ్గర నేర్చిన ఆ చేతికి 2008లో పద్మశ్రీ వచ్చింది. నన్నడిగితే అదీ ఆలస్యమే.

కరక్కాయ, గేదె పాలలో ముంచి ఆరబెట్టిన గుడ్డ, నలుపుకు ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో పులియబెట్టిన కసిం, ఎరుపుకు పటిక, జాడించడానికి స్వర్ణముఖి ఏటి నీళ్లు. సరంజామా ఇంతే. కష్టమంతా చేతిలో ఉంది.

ఈ విద్య అడుగంటిపోతున్న రోజుల్లో, 1950ల చివర, హస్తకళల ఉద్యమకారిణి కమలాదేవి చటోపాధ్యాయ పూనికతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం వెలిసింది. లక్ష్మయ్య గారు గురువుగా కూర్చున్నారు. నేడు తిరుపతిలో టీటీడీ శిల్ప శిక్షణ సంస్థలో రెండేళ్ల కలంకారీ కోర్సు ఉంది. మరి ఊళ్లో ఫ్యాషన్ డిజైన్ చదువుతామనే పది, ఇంటర్ పిల్లలకు కొదవ లేదు. వాళ్లను ఈ కలం దగ్గరికి చేర్చేదెవరు?

చేర్చినా సగమే పని. దుపట్టా గీసిన పిల్లని ధర చెప్పమంటే గుడ్డ ఖరీదు, రంగుల ఖరీదు కలిపి చెబుతుంది. గీసిన రోజుల కూలి ఏది? ఉతుకులకైన ఖర్చేది? ఇంట్లో అమ్మ రంగులద్దిన గంటలకు అసలు లెక్కే ఉండదు. అరువు ఎంత ఇవ్వాలి, ఆర్డరుకు ఎంత అడ్వాన్సు తీసుకోవాలి అన్నవి కూడా పాఠాలే. చిత్తూరు న్యూట్రిన్ మిఠాయిల కుటుంబపు అనితా రెడ్డి గారు ఈ సంగతి ఎరిగిన మనిషి. ఆమె నడిపించిన ‘ద్వారక’ సంస్థ శ్రీకాళహస్తి ఆడవాళ్లకు కలం పట్టించి ఊరుకోలేదు, వాళ్ల పనికి కొనేవాళ్లనూ చూపించింది. పిల్లలకు కావలసింది అలాంటి బడి.

ఎందుకంటే వాళ్ల పని అమ్ముడుపోవలసిన బజారు నిండా దొంగ సరుకే. రసాయన రంగులతో స్క్రీన్ మీద గంటకు ఇన్నని దించి, ‘కలంకారీ’ అని చీటీ అంటిస్తున్నారు. భౌగోళిక గుర్తింపు ఉన్న పేరును పట్టపగలు దోస్తున్నారు! చెక్క అచ్చులతో కలంకారీ అద్దే పెడన పనివాళ్ల మీద నాకు గౌరవమే, అది వేరే విద్య. నా మనసు మాత్రం కలం వైపే. స్క్రీన్ వాళ్లది విద్యే కాదు. వరసలోని రెండు నెమళ్లను పక్కపక్కన పెట్టి చూడండి. చేత్తో గీసినవైతే మెడ వంపు ఎక్కడో ఒకచోట మారుతుంది. అచ్చంగా ఒకేలా ఉంటే ఆ చీర తిప్పి ఇచ్చేయండి.

తిరుపతి వ్యాపారులకు ఒక్క విన్నపం. ప్రింటును ప్రింటనే రాసి అమ్మండి. వేసవి సెలవుల్లో ఇద్దరు పిల్లలను కొట్లో కూర్చోబెట్టుకుని బిల్లు రాయడం, బేరం చేయడం నేర్పండి. శ్రీకాళహస్తి కళాకారులు వాళ్లకు కలం పట్టడం నేర్పుతారు.