కాగ్నా ఒడ్డు చరిత్రలో రాతిపనివాడు

పట్టణ చరిత్ర అనగానే మనవారు రాజుల వంశావళి విప్పుతారు. సురవరం ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) ఆ దృష్టిని జనం వైపు తిప్పింది. అది సామాన్యమైన మేలు కాదు. అయితే ఆయన ఎక్కువగా ఆధారపడింది కావ్యాల మీద. కావ్యానికెక్కని పనివాని మాటేమిటి?

కాగ్నా ఒడ్డున తాండూరు, బషీరాబాద్ ప్రాంతం చూడండి. నేల అడుగున సున్నపురాయి పొరలు పొరలుగా ఉంది. పొర ఆనవాలు పట్టి, ఉలితో, సుత్తితో, విరగకుండా బండ లేపడం ఏ శాస్త్రానికీ తీసిపోని విద్య. 1874లో వాడి–సికింద్రాబాదు రైలుమార్గం వచ్చింది. నీలిబండకూ పసుపుబండకూ దూరపు ఇళ్ళకు దారి దొరికింది. ఆ నునుపుమీద నడిచేవారికి ఊరి పేరు తెలుసు. బండ లేపినవాని కూలి ఎంతో, పీల్చిన దుమ్మెంతో ఏ చరిత్ర చెప్పింది? శాసనాలకై గుడిగోడలు తడిమే అధ్యాపక మిత్రులు ఒకసారి గనిలోకీ దిగాలి.