ఎవరి గాలికి కొలత?

భోపాల్ జరిగిన మూడేళ్లకు, 1987లో, ఫ్యాక్టరీల చట్టానికి ఒక పట్టిక చేర్చారు. పనిచోట గాలిలో ఏ విషం ఎంతవరకు ఉండొచ్చో అందులో రాశారు. హైడ్రోజన్ సల్ఫైడ్ 8 గంటల సగటున 10 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 10 పాళ్లు దాటకూడదు. మనవాళ్లు కథల్నీ కవిత్వాన్నీ విమర్శకు పెడతారు, చట్టాన్ని మాత్రం వకీళ్లకు వదిలేస్తారు. ఈ పట్టికనూ ఒక రచనలాగే చదవాలంటున్నాం మేం. ఇందులో ఎవరున్నారు, ఎవరు లేరు?

హైడ్రోజన్ సల్ఫైడ్ అంటే మ్యాన్‌హోల్ మూత తీయగానే కుళ్లిన గుడ్డు వాసన కొట్టే గ్యాసే. మన వాడల్లో ముక్కుకే తెలుసు. కానీ ఆ ముక్కే మోసం చేస్తుంది. గ్యాసు 100 పీపీఎం చేరేసరికి వాసన పట్టే శక్తి మొద్దుబారుతుంది. వాసన పోయింది కదా, గాలి బాగుపడిందనుకుని మనిషి దిగుతాడు. 1000 దగ్గర రెండు మూడు ఊపిరులకే కూలిపోతాడు. గాలికన్నా బరువైంది గనుక అడుగునే పేరుకుని, బురద కదిపితే ఒక్కసారిగా లేస్తుంది. మూత తీసి కాసేపు ఆగడం పరీక్ష కాదు. అగ్గిపుల్ల గీయడం అసలే కాదు, మీథేన్ ఉంటే ఆ పుల్లే చంపుతుంది. మీటరును తాడుతో దించి పైన, నడుమ, అడుగున చూడాలి. లోపలున్నంతసేపూ అది మనిషి ఒంటిమీదే ఉండాలి. 2015లో కోజికోడ్ మ్యాన్‌హోల్‌లో మన ఆంధ్రా కూలీలు ఇద్దరు పోయారు. వాళ్లని కాపాడబోయిన ఆటోడ్రైవరూ పోయాడు.

ఇక చట్టం చదవండి. 1948 చట్టం నిర్వచనంలో మురుగును పంపుతో తోడటం 'తయారీ ప్రక్రియ'. ఫ్యాక్టరీలో విషవాయువుండే తొట్టిలోకి దిగాలంటే, అర్హుడైనవాడు పరీక్షించి రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇవ్వాలని, లేదా ఊపిరి పరికరం, ఒంటికి తాడు ఉండాలని 36వ సెక్షన్ చెప్పింది. అదే మురుగు, అదే గ్యాసు వీధి కింద పైపులో ఉంటే ఆ పట్టికకు కనపడలేదు. పంపు తోడితే పరిశ్రమ. రెల్లి, మాదిగ బిడ్డ తోడితే పారిశుధ్యం! శ్రామికుడికి కులం లేదన్న యూనియన్లు చాలావరకు ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోయాయి.

2013 చట్టం కింద వచ్చిన నిబంధనలు దిగేముందు గాలిని పరీక్షించమన్నాయి. మంచిదే. కానీ కాంట్రాక్టరు కింద మేస్త్రీ, మేస్త్రీ కింద రోజుకూలీ ఉన్నచోట మీటరు ఎవరి చేతిలో ఉంటుంది? చచ్చాక లెక్క మాత్రం ఖరారైంది. సుప్రీంకోర్టు 2014లో 10 లక్షలంది, 2023లో 30 లక్షలు చేసింది. ఆ డబ్బు ఇంటివాళ్లకు అందాల్సిందే, అందులో వాదన లేదు. అయితే ఎక్కడ చావు జరిగినా నిజనిర్ధారణకు వెళ్లినవాళ్లు ముందు అడగాల్సింది పరిహారం గురించి కాదు, దిగేముందు మీటరు ఎంత చూపిందని. అంకె చెప్పలేకపోతే అది ప్రమాదం కాదు, నేరం.

2025 నవంబరులో అమల్లోకొచ్చిన కొత్త కోడ్ ఈ పరిమితుల్ని నిర్ణయించే పని రాష్ట్రాలకిచ్చింది. అందులోనూ మాట 'ఫ్యాక్టరీ'యే. దాని పక్కన 'మ్యాన్‌హోల్, సెప్టిక్ ట్యాంకు' అన్న మాటలు చేర్చడానికి అడ్డమేమిటో రెండు రాష్ట్రాల కార్మిక శాఖలూ చెప్పాలి.