ఊతపదాలు: వాడుకలో, కథలో

మాట్లాడేటప్పుడు అర్థంతో నిమిత్తం లేకుండా పదేపదే దొర్లే మాటను ఊతపదం అంటాం. 'అదే', 'అంటే', 'మరి', 'యాక్చువల్‌గా' వంటివి మీకు తెలిసినవే. ఊత అంటే ఆసరా. తర్వాతి మాట దొరికేదాకా మనిషి ఆనుకొని నిలబడే కర్ర అది. పద్యంలో పాదపూరణానికి మాత్రమే పనికివచ్చే పదాన్ని ఆలంకారికులు నిరర్థకమనే దోషంగా లెక్కించారు. ఆ కొలతనే నిత్య సంభాషణకూ పెట్టడంతో చిక్కు వచ్చింది.

తిరుపతిలో ఆటో బేరమాడిన యాత్రికుడికి 'కుదర్దు సామీ' అనే జవాబు వినిపిస్తుంది. 'సామీ' తీసివేసి చూడండి. సమాచారం ఏమీ తగ్గలేదు. మాట మాత్రం కటువైంది. దేవుణ్ణి పిలిచే పేరే ముక్కూమొగం తెలియని మనిషికి చేసే మర్యాదగా మారింది. (రోజుకు వందసార్లు అనే మాటలో భక్తిని వెతకనక్కరలేదు. కోపం వచ్చినా అదే 'సామీ', గొంతు వేరు.) చిత్తూరు పల్లెల్లో వినిపించే 'ఏమబ్బా', 'ఏమ్మే' కూడా ఇటువంటివే. మొదటిది మగవారికి, రెండవది ఆడవారికి. గౌరవించవలసిన పెద్దలను సాధారణంగా అలా పిలవరు. వాడడానికి ఇంత కట్టుబాటు ఉన్న మాటను అర్థం లేనిదని ఎలా అంటాం? పొరుగున ఉన్న తమిళుల సంభాషణలో 'ప్పా', 'మ్మా' చేసే పని కూడా దాదాపు ఇదే.

ఇక సాహిత్యానికి వద్దాం. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'పచ్చనాకు సాక్షిగా', 'సినబ్బ కతలు' రచనల్లో తిరుపతి ప్రాంతపు పల్లె మాటలోనే కథ చెప్పారు. అక్కడ మాండలికం పాత్రల నోటనే కాదు, కథకుడి నోటా ఉంది. క్రియలు, వరసలు, తిట్లు అన్నీ ఒకే నేలవి కనుక పిలుపులు విడిగా కంటికి తగలవు. ఈ దారి పట్టిన కొందరి తీరు వేరు. వాక్యమంతా పత్రికాభాషలో నడిపి, చివర ఒక 'అబ్బా' తగిలిస్తారు. 'నేను నిన్న పట్టణానికి వెళ్లి వచ్చాను అబ్బా' అనే రైతు చిత్తూరు జిల్లాలో దొరకడు. 'నిన్న టవునుకు పొయ్యొచ్చినానబ్బా' అంటాడు. రెండో వాక్యంలో 'అబ్బా' కొట్టివేసినా ఊరు తెలుస్తుంది. మొదటిదానిలో ఆ ఒక్క మాట తప్ప ఊరి జాడే లేదు. నిజమైన ఊతపదం ఇదీ. పాత్రకు కాదు, రచయితకు ఊత. సినిమాల్లో రాయలసీమ పాత్రలకు పట్టిన జబ్బు కూడా ఇదే.

విద్యార్థులు దీనికి ఎదురు తప్పు చేస్తుంటారు. జానపద కథను సేకరించమంటే, అవ్వ చెప్పినదానిలోని 'ఇంగ', 'నాయినా' అన్నీ తప్పులనుకొని కొట్టివేసి, శుభ్రమైన ప్రతి తెస్తారు. పరీక్ష జవాబులో అవి అక్కరలేదు, నిజమే. కానీ కథలో ఒక ఘట్టం ముగిసి మరొకటి మొదలయ్యే చోట 'ఇంగ' పడుతుంది. అది పోతే అవ్వ ఎక్కడ ఊపిరి తీసుకుందో, నిద్రకు తూగుతున్న మనవణ్ణి ఎక్కడ మళ్లీ కథలోకి లాక్కుందో ఆ కాగితం మీద మిగలదు.